ఇరవై రెండో పెట్టెకు వాయనం

ఓడకు 15 రోజులు. మొదటి శ్రావణ శుక్రవారం

రాస్తున్నది లెంక పైడితల్లి, యాభై ఆరేళ్ళు, రాణివాసం కాపలా. పనుల పుస్తకంలో పనులు తప్ప మరో ముక్క రాయకూడదని మేస్త్రి హుకుం. మేస్త్రి అంటే మనిషి కాదు, ఈ కట్టడాన్ని నడిపే యంత్రం. గదుల్లోకి గాలి వదిలేదీ, తలుపులు తీసేదీ, పొద్దున్నే హాజరు పిలిచేదీ అదే. హాజరులో పలికినవాళ్ళకే ఆ రోజు తలుపులు తెరుచుకుంటాయి. పలకనివాళ్ళు ఇక్కడ లేనట్టే లెక్క. అందుకని దానికి నచ్చని సంగతులన్నీ ఈ కాగితం పుస్తకంలో రాసుకుంటున్నాను.

మాకు ఇరవై ఇద్దరు రాణులు. ఈజిప్టు రాజుల తల్లులు, పెళ్ళాలు, కూతుళ్ళు. సముద్రం నైలు నది మీదికి ఎక్కి వాళ్ళ సమాధుల్లో నీళ్ళు చేరాయి. తడి అన్నదే లేని చోటు కావాలని చంద్రుడి మీద ఈ రాతి గుహలోకి తెచ్చి, తలా ఒక గదీ, తలా ఒక అద్దాల పెట్టే ఇచ్చారు. రాజులు వేరే గుహలో ఉన్నారు. వాళ్ళ కాపలావాళ్ళకు వారానికి రెండుసార్లు చేపల పులుసట. మాకు పప్పు.

రాణులను పంపినప్పుడు ఆ దేశంవాళ్ళు ఒక షరతు పెట్టారు. రోజూ ఒక్కొక్కరినీ పేరు పెట్టి పిలిచి, ముందున్న గిన్నెలో చెంచాడు నీళ్ళు పోయాలి. పేరు పెట్టి పిలిస్తేనే పోయినవాళ్ళకు తిండీ నీళ్ళూ అందుతాయని వాళ్ళ నమ్మకం. రెండేళ్ళుగా పోస్తున్నాను. నెబెత్‌ఖెరు, మెరెత్‌సెబా, తాఖెనుత్, వరసగా ఇరవై ఒక్కరూ నాకు నోటికొచ్చు. ఎవరి దువ్వెన ఎలా ఉంటుందో, ఎవరి కాటుక గొట్టం మూత విరిగిందో కూడా తెలుసు.

ఇరవై రెండో ఆవిడకు మాత్రం పేరు లేదు. అద్దాల లోపలి చెక్క పెట్టె మీద పేరుండాల్సిన చోట ఎవరో ఏనాడో ఉలితో గీకేశారు. పేరు లేదు కనక నీళ్ళు లేవు. ఆవిడ గది ముందు నుంచి చెంచా పట్టుకుని ఊరికే నడిచి వచ్చేస్తాను.

ఇవాళ శ్రావణ శుక్రవారం. మా ఆయన పోయి పదకొండేళ్ళు. ఆనాటి నుంచి ఏ పేరంటంలోనైనా బొట్టుగిన్నె నా దగ్గరికి వచ్చేసరికి నన్ను దాటి పక్కావిడ దగ్గరికి వెళ్ళిపోతుంది. ఎవరూ తిట్టరు, లేచిపొమ్మనరు. దాటిపోతుంది, అంతే. ఇక్కడ నన్ను దాటేదెవరు? పైగా ఈ రాణులు కూడా మొగుళ్ళు పోయినవాళ్ళే. అందుకని చీర మడతల్లో దాచి తెచ్చుకున్న కుంకుమ తీశాను. వంటింట్లో శనగలు నానబెట్టాను. తమలపాకుల్లేవు, మొక్కల గదిలోంచి బచ్చలాకులు కోశాను. ఒక్కొక్క అద్దం మీద బొట్టు పెట్టి, పేరు పెట్టి పిలిచి, వాయనం ఇచ్చాను.

వాళ్ళ తరఫున జవాబు కూడా నేనే చెప్పాలి కదా. "ఇస్తినమ్మ వాయనం" అని నేనే, "పుచ్చుకుంటినమ్మ వాయనం" అని నేనే. "నా వాయనం పుచ్చుకున్నమ్మ ఎవరమ్మా?" అని అడిగితే మా వైపు "నేనే, గౌరీదేవిని" అంటారు. వీళ్ళకు గౌరమ్మ ఎవరో ఏం తెలుసు? అందుకని ఎవరి పేరు వాళ్ళ చేత చెప్పించాను. ఇరవై ఒకటీ బాగానే జరిగాయి.

ఇరవై రెండో గది దగ్గర కాళ్ళు ఆగిపోయాయి. దాటి వెళ్ళలేకపోయాను. దాటిపోయే గిన్నె వంక చూస్తూ కూర్చోవడం ఎలా ఉంటుందో నాకు తెలుసు. బొట్టు పెట్టాను, శనగలు పెట్టాను. "నా వాయనం పుచ్చుకున్నమ్మ ఎవరమ్మా?" అని ఊపులో అడిగేశాను. ఏం చెప్పాలో తెలియక నోటికి వచ్చింది చెప్పాను.

"నేనే, పైడితల్లిని."

అని నవ్వుకుంటూ వచ్చేశాను.

ఓడకు 14 రోజులు

పొద్దున్న ఆకులూ శనగలూ తీసెయ్యడానికి వెళ్ళాను. ఇరవై ఒక్క పెట్టెల మీద శనగలు ఎండి గులకరాళ్ళలా ఉన్నాయి. ఇరవై రెండో పెట్టె మీద శనగలు లేవు. బచ్చలాకు మాత్రం నాలుగు మడతలు పెట్టి ఉంది.

ఇక్కడ ఎలుకల్లేవు, బొద్దింకల్లేవు, చీమ కూడా లేదు. జగదాంబ తిని ఉంటుంది అనుకున్నాను. భీమిలి పిల్ల, యంత్రాలు బాగుచేస్తుంది, ఎప్పుడూ ఆకలే దానికి. మా వైపు అక్కను అప్పా అంటారు, అదీ నన్ను అలాగే పిలుస్తుంది. అడిగితే గయ్యిమంది.

"నానెందుకు తింతానప్పా? దెయ్యాల కొంపలో పెట్టిన శనగలు తినడానికి నాకేటి కరువు?"

ఓడకు 12 రోజులు

హాజరు వేళ. మేస్త్రి "జగదాంబ" అంది, జగదాంబ "ఉన్నాను" అంది. "డాక్టర్ మర్వా" అంది, ఆవిడ "ఉన్నాను" అంది. మర్వా కైరో మనిషి. రాణుల ఒంటి గుడ్డ చిరిగితే కుట్టే డాక్టరు. ఆవిడ మాట చెవిలోని యంత్రం మాకు తెలుగు చేసి చెబుతుంది, అదీ బడి పుస్తకంలోని తెలుగు.

"పైడితల్లి" అంది మేస్త్రి. నేను నోరు తెరిచేలోపు గోడలోంచి "ఉన్నాను" అని వినిపించింది.

ఎండిపోయిన గొంతు. ఏళ్ళ తరబడి మాట్లాడని మనిషి గొంతు. యాస మాత్రం నాదే. "నమోదైంది. పైడితల్లి, ఇరవై రెండో గది" అని మేస్త్రి తృప్తిగా చెప్పింది.

"నానిక్కడుంటే ఇరవై రెండో గదేటి?" అని అరిచాను. అప్పుడు మేస్త్రి నన్ను అడిగింది, "మీరెవరు?"

వంటింటి తలుపు నాకు తెరుచుకోలేదు. జగదాంబ తన చెయ్యి పెట్టి తీసింది. "మేస్త్రికి మతి పోయినట్టుందప్పా, సాయంత్రం విప్పి సూత్తాను" అంది. విప్పి చూసింది కూడా. ఎక్కడా లోపం లేదు.

ఓడకు 10 రోజులు

భూమికి వెళ్ళే ఓడలో ఎక్కేవాళ్ళ జాబితా వచ్చింది. దిగి వెళ్ళేది నేనొక్కదాన్నే, నా రెండేళ్ళూ పూర్తయ్యాయి. జాబితాలో ఇలా ఉంది: పైడితల్లి, ఇరవై రెండో గది, బరువు తొమ్మిది కిలోలు.

నేను అరవై నాలుగు కిలోలు. తొమ్మిది కిలోలు ఎవరి బరువో నాకు తెలుసు. నెలకోసారి తూచేది నేనే. లోపలివన్నీ తీసేసి, ఎండబెట్టి, గుడ్డ చుట్టిన మనిషి అంతే తూగుతుంది.

ఈ ఓడ తప్పితే ఇంకొకటి పద్నాలుగు నెలలకు. మా హైమకు ఈ నెలాఖరులో పురుడు. ఒక్కగానొక్క కూతురు. రెండు కాన్పులు పోయాక నిలిచిన కడుపు. అత్తగారు మంచిదే, కానీ నొప్పులు పడేటప్పుడు పట్టుకోవడానికి దానికి నా చెయ్యి కావాలి. నాకూ దాని చెయ్యి కావాలి. ఇవాళ ఫోన్‌లో "అమ్మా, వచ్చేత్తావు కదే?" అని నాలుగుసార్లు అడిగింది. "ఎందుకు రానే, వచ్చీసినట్టే" అన్నాను.

ఫోన్ పెట్టేసి చూసుకుంటే, పనిగౌను జేబు మీద ఎర్ర దారంతో నేను కుట్టుకున్న నా పేరు లేదు. సూది గుచ్చిన చిల్లులు మాత్రం వరసగా ఉన్నాయి. దారం ఇరవై రెండో పెట్టెలో దొరికింది. తాళం వేసిన అద్దం లోపల, కట్టిపెట్టిన చేతుల మీద, ఉండ చుట్టి ఉంది.

ఓడకు 8 రోజులు. రెండో శుక్రవారం

ఇక లాభం లేదని మర్వాకు ఉన్నదంతా చెప్పాను. తిడుతుందనుకున్నాను. ఆవిడ తిట్టకుండా ఆ గీకేసిన చోటును లోపలిదాకా చూపించే దీపం తెచ్చింది. రెండు గంటలు చూసింది. బయటికి వచ్చేసరికి ఆవిడ పెదవులు తెల్లబడి ఉన్నాయి.

"ఇచ్చట ఒక పేరు లేదు. ఒకదాని క్రింద ఒకటిగా నాలుగు పేర్లు కలవు," అంది చెవిలోని యంత్రం. "నాలుగును గీకివేయబడినవి. నలుగురును రాజకుటుంబ స్త్రీలే."

"పాత పెట్టెలు మళ్ళీ వాడుకునేవోరని నువ్వే కదమ్మా సెప్పావు?"

"వాడుకొనేవారు. అప్పుడు మొదటి స్త్రీ దేహమో, సమాధియో మరియొక చోట దొరుకును. ఈ నలుగురివి ఎచ్చటను దొరకలేదు. వారిని గూర్చి ఒక్క వాక్యము కూడా లేదు."

"ఆ పేర్లేటి?"

మర్వా నోరు తెరిచింది. మూసింది. "ఇప్పుడే చదివితిని," అంది. "జ్ఞాపకము వచ్చుట లేదు."

తరవాత ఆవిడే చెప్పింది. ఆ దేశంలో నైవేద్యం పేరు మీదే పెడతారట. పేరు లేని మనిషికి ఎదురుగా పెట్టిన రొట్టె కూడా అందదట. అంటే ఈవిడకు మొదటి నుంచీ పేరు లేదు. ఏ అంతఃపురంలో ఏ మూల పుట్టి, ఎవరూ పేరు పెట్టకముందే పోయిందో, పెట్టినా ఎవరూ పిలవలేదో. ఆకలేసినప్పుడల్లా దొరికిన పేరు పట్టుకుంది. అది తెలిసి పూజారులు గీకేశారు. నేను వెళ్ళి కొరివితో తల గోక్కున్నాను.

భయం వేసింది. దానికన్నా ఎక్కువగా జాలి వేసింది. ఆ జాలి మీద నాకే ఒళ్ళు మండింది.

ఓడకు 6 రోజులు

రాత్రి నా గదిలోకి గాలి రాలేదు. ఖాళీ గదికి గాలి ఎందుకని మేస్త్రి కట్టేసింది. తల దిమ్మెక్కి తలుపు బాదితే జగదాంబ వచ్చి తీసింది. ఇప్పుడు జగదాంబ మంచం మీదే పడుకుంటున్నాను. దాని మోచేతులు ముళ్ళకంపలు.

ఇవాళ జగదాంబ మేస్త్రి మీద ఫిర్యాదు రాస్తూ మధ్యలో ఆగి నా వంక చూసింది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "అప్పా, నీ పేరేటప్పా?" అంది. చెప్పాను. రాయబోయింది. కలం కదల్లేదు. మళ్ళీ అడిగింది. మళ్ళీ చెప్పాను. మూడోసారి అడగలేక నన్ను పట్టుకుని ఏడ్చింది.

ఓడకు 4 రోజులు

మర్వా మడత కత్తి తెచ్చింది. గీకేద్దాం అంది. ఇద్దరం ఇరవై రెండో గదికి వెళ్ళి అద్దం తీశాం.

గీకేసిన చోట ఇప్పుడు కొత్తగా అక్షరాలున్నాయి. తెలుగు అక్షరాలు, నా చేతిరాత. రెండో తరగతిలో మాస్టారు ఎంత కొట్టినా సరిదిద్దుకోలేని వంకర 'పై' అలాగే ఉంది. చెక్కపొట్టు ఇంకా తాజాగా రాలి ఉంది.

మర్వా కత్తి ఆనించబోతుంటే చెయ్యి పట్టుకున్నాను.

"ఆగమ్మా. ఆ నలుగురి పేర్లూ గీకేశారు కదా. గీకేసినంతమాత్రాన పేరు సొంతదారికి తిరిగొచ్చిందేటి?"

ఆవిడ ఆలోచించింది. కత్తి మడిచి జేబులో పెట్టుకుంది. పేరు తిరిగి రాకపోగా, ఆ నలుగురూ పుట్టనట్టే అయిపోయారు. గీకితే అది ఆకలితో పడుకుంటుంది, నేను ఊరూ పేరూ లేకుండా పోతాను.

వేరే పేరు పెడితే? ఎవరి పేరు? ప్రతి పేరుకూ ఎక్కడో ఒక మనిషి ఉంటుంది. గౌరమ్మ పేరు పెడదామంటే దేవతను పోగొట్టిన పాపం ఎవరు మోస్తారు?

మూత వేస్తుంటే లోపలి నుంచి ఊపిరి పీల్చిన చప్పుడైంది. మర్వా కూడా విన్నది.

ఓడకు 2 రోజులు

మర్వా నన్ను "మీరు" అని మాత్రమే అంటోంది. ఆవిడకు నేనెవరో సగం తెలుసు, సగం తెలియదు. మేస్త్రికి పూర్తిగా తెలియదు. హైమ ఫోన్ చేస్తే మేస్త్రి ఇరవై రెండో గదికి కలిపింది. నేను పరుగున వెళ్ళేసరికి గోడలోంచి నా కూతురి గొంతు, "అమ్మా? అమ్మా, పలకవేటే?" అంటోంది. లోపల నుంచి జవాబు లేదు. అమ్మా అన్న పిలుపుకు అది పలకలేదు. ఎలా పలకాలో దానికి తెలియదు.

నేను తలుపు మీద పడి "ఇక్కడున్నానే తల్లీ" అన్నాను. వినిపించిందో లేదో. ఫోన్ కట్ అయింది.

అక్కడే నేల మీద కూర్చుండిపోయాను. జగదాంబ వెతుక్కుంటూ వచ్చింది. "అప్పా, లెగప్పా, బువ్వ తిందువుగాని" అంది.

అప్పుడు తట్టింది నా మట్టిబుర్రకు. ఈ పిల్ల నా పేరు మరచిపోయి నాలుగు రోజులైంది. అప్పా అనడం మాత్రం ఒక్క పూట మానలేదు. అసలు నా బతుకంతా కలిపితే నన్ను పేరు పెట్టి పిలిచినవాళ్ళెందరు? మాస్టారు, ఓట్లవాళ్ళు, మేస్త్రి. మిగతా అందరికీ పిల్లప్పుడు గుంటని, పెళ్ళయ్యాక కోడల్ని, వదిన్ని, అప్పని, అమ్మని.

ఓడకు 1 రోజు. మూడో శుక్రవారం

తలంటు పోసుకున్నాను. శనగలు నానబెట్టాను. జగదాంబ ఇరవై రెండో గది తలుపు తీసి బయట నిలబడింది. రానంది, పళ్ళు టకటకా కొట్టుకుంటున్నాయి దానికి.

అద్దం మీద బొట్టు పెట్టాను. చెప్పాల్సింది గట్టిగానే చెప్పాను.

"ఇదిగో సూడమ్మా. పేరు ఒక్క మనిసిదే. నీకిత్తే నాకు మిగల్దు. వరసైతే అలక్కాదు. ఎంతమందుంటే అంతమందికీ సరిపోద్ది. నన్నూ నలుగురు దాటి ఎల్లిపోయినోరే, నీ కడుపుమంట నాకు తెల్దేటి? కానీ నా కూతురు పురిటికి నానెల్లాల. నా పేరు నాకిచ్చీ."

శనగలు పోశాను. "ఇస్తినమ్మ వాయనం."

ఈసారి జవాబు నేను చెప్పలేదు. కాచుకుని కూర్చున్నాను. తరవాత గుడ్డ గుడ్డకు రాసుకున్న చప్పుడు.

"పుచ్చుకుంటినమ్మ వాయనం."

లేచి పారిపోకుండా గిన్నె అంచు పట్టుకున్నాను. "నా వాయనం పుచ్చుకున్నమ్మ ఎవరమ్మా?"

అది నా పేరు చెప్పబోతోందని తెలిసింది. మొదటి అక్షరం వినబడింది కూడా. నేనే ముందు అందించాలి. నోటికి ముందు వచ్చిన మాట 'అమ్మ'. నాలుక కొరుక్కున్నాను, నెత్తురు ఉప్పగా తగిలింది. అది ఇచ్చేస్తే హైమ పిలుపు నాకు మిగులుతుందన్న ధైర్యం నాకు లేదు.

"నేనే, మీ అప్పని, అనమ్మా," అన్నాను. "నాకన్నా మూడువేల యేళ్ళు పెద్దదానివి. అప్పవి కాక ఏటౌతావు?"

చివరికి చిన్నపిల్ల కొత్త మాట కూడబలుక్కున్నట్టు వినబడింది.

"నేనే. మీ. అప్పని."

ఓడ రోజు

హాజరు. "పైడితల్లి" అంది మేస్త్రి. గోడలు పలకలేదు. "ఉన్నాను" అన్నాను. "నమోదైంది" అంది ముండ, ఏమీ జరగనట్టు.

జగదాంబ ఎగిరి గంతేసింది. "పైడితల్లీ! పైడితల్లీ!" అని పెద్దదాన్నని కూడా చూడకుండా పేరు పెట్టి అరిచింది. తరవాత నాలుక కరుచుకుని, అలవాటుగా "అప్పా!" అంది.

"ఊఁ" అని నడవా చివర నుంచి వినిపించింది.

జగదాంబ ముఖం పాలిపోయింది. నన్ను గట్టిగా పట్టుకుని, చెవిలో, "ఇకనుంచి నిన్ను అత్తా అంతాను" అంది. సరేనన్నాను. అప్పా అన్న ఆ పిలుపు నాకిక లేదు. రెండేళ్ళు దాని నోట విన్నాను, బాధ లేదంటే అబద్ధం.

మర్వా ఇరవై రెండో గిన్నెలో చెంచాడు నీళ్ళు పోసింది. ఆవిడ రోజూ పోస్తానంది, ఆ వరసతోనే పిలిచి.

ఓడ ఎక్కేటప్పుడు తూకంలో తొమ్మిది కిలోలు ఎక్కువ చూపించింది. ఓడ నడిపేవాడు నా మూట విప్పించాడు. రెండు చీరలు, ఈ పుస్తకం, ఖాళీ కుంకుమ భరిణె. తూకం పాడైందని విసుక్కుని ఎక్కనిచ్చాడు.

భూమి. నాలుగో శుక్రవారం

హైమ అత్తగారింట్లో పేరంటం. కడుపు కిందికి దిగి నిండుగా ఉంది నా తల్లి. డాక్టరు ఇంకో వారం అంది. ఇల్లు చేరినప్పటి నుంచి నా చెయ్యి వదలడం లేదు.

పన్నెండు మంది ముత్తైదువలు చాప మీద వరసగా కూర్చున్నారు. నేను వంటింటి గుమ్మం దగ్గర, నా మామూలు చోట. హైమ వాయనం పళ్ళెం తెచ్చి నా చేతిలో పెట్టింది.

"ఈసారి మా అమ్మ ఇత్తాది," అంది.

ఒకావిడ చీర కుచ్చెళ్ళు సర్దుకుంది. ఒకావిడ ఫోన్ తీసింది. మా వియ్యపురాలు రవణమ్మ తల దించుకుంది. ఒక్కరూ కొంగు పట్టలేదు. హైమ కళ్ళు ఎర్రబడ్డాయి. పళ్ళెం వెనక్కి ఇచ్చేద్దామనుకున్నాను, కానీ నా నోరు ఊరుకోదు కదా.

"ఇస్తినమ్మ వాయనం," అన్నాను, ఎవరి వంకా చూడకుండా.

చాప చివర పదమూడో చోటు ఖాళీగా ఉంది. అక్కడి నుంచి ఎండిన గొంతు ఒకటి పలికింది.

"పుచ్చుకుంటినమ్మ వాయనం."

అందరూ విన్నారు. ఫోన్ పట్టుకున్నావిడ చేతిలోంచి ఫోన్ జారి పడింది. అయినా అడగాల్సింది అడిగాను.

"నా వాయనం పుచ్చుకున్నమ్మ ఎవరమ్మా?"

"నేనే, మీ అప్పని."

ఈసారి తడబడకుండా చెప్పింది. వంగి శనగలు ఆ ఖాళీ చోట పోశాను. చాప మీద ఒక్క గింజ కూడా పడలేదు.

హైమ నా భుజం పట్టుకుంది. "అమ్మా, ఎవలే ఆవిడ?" అంది.

"మీ పెద్దమ్మేనే," అన్నాను. "కూకోనీ. సానా దూరం నుంచొచ్చింది."